లూ రాజ్యపు సేనాని వేషం

ఫ్రిస్కో,
ఏప్రిల్ 5, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి నమ్రతకు, దివాకర్ ఆశీర్వదించి వ్రాయునది. ఆశీర్వదించే అర్హత నాకు ఉందో లేదో ఉత్తరం కిందదాకా చదివి నువ్వే తేలుద్దువుగాని. ప్రస్తుతానికి ఇక్కడ నేనూ సాన్వీ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నాగమల్లేశ్వరి పిన్నిగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం అందింది. చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరాలేమిటని మొదట్లో నవ్వాను గానీ, నువ్వన్నది నిజమే. పిన్నిగారింట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. నేను నీతో ఒక మాట చెప్పుకుందామనుకునేలోపు ఆవిడ అటునుంచి "ఇవాళ ఏం కూర వండుకున్నావు నాయనా" అని అడుగుతారు. నేను బెండకాయ అని చెప్పాలి, అది జిగురు లేకుండా ఎలా వేయించాలో వినాలి. పైగా నువ్వో ముక్క రాశావు చూడు, "నువ్వు ఫోన్‌లో నున్నగా అబద్ధాలు చెబుతావు, రాస్తే దొరికిపోతావు" అని. పన్నెండేళ్ళ కాపురంలో నన్ను ఇంత బాగా చదివావని నాకు తెలియదు.

నువ్వడిగినవాటికి జవాబులు. సాన్వికి పై పన్ను ఊడింది. ఊడిన పన్ను దిండు కింద పెట్టుకుని పడుకుంది, దాని బదులు డాలర్ పెట్టడం నేను మర్చిపోయాను, పొద్దున్నే లేచి ఏడిస్తే పన్ను దేవతకి ఫ్లైట్ లేట్ అయిందని చెప్పాను. మొన్న చలికి కరివేపాకు మొక్కని గరాజ్‌లో పెట్టాను, ఆకులు రాలాయి గానీ కాండం పచ్చగానే ఉంది. కుక్కర్ గాస్కెట్ మార్చాను. సాన్వి జడ సంగతి అడిగావు. పొద్దున నేను వేసే జడ బడికి వెళ్ళేసరికి విడిపోతుంది. సాయంత్రం మీ అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాక చంద్రిక అక్కయ్య మళ్ళీ వేస్తుంది. డిసెంబర్‌లో రావలసిన నీ వీసా అపాయింట్‌మెంట్ మార్చికీ, మార్చిది ఈ నెలాఖరుకీ జరిగినా ఇక్కడ మా ఇద్దరికీ అన్నం వేళకి అందుతోందంటే, దాన్ని రోజూ బడి నుంచి తెచ్చి, తిండి పెట్టి, హోంవర్క్ చేయించి దింపుతున్న మీ అన్నయ్యా వదినల పుణ్యమే.

ఇక నువ్వు చివర్లో రాసిన మాట. "అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు, ఉగాది స్టేజీ మీద జగన్మోహన్ గారు నీ మెడ మీద కత్తి పెట్టి మావాళ్ళని అనిపించారట కదా. పాపం, నువ్వు మాత్రం ఏం చేస్తావు. అన్నయ్యకి కోపం లేదు, నాకూ లేదు. మనసులో పెట్టుకోకు." ఈ మూడు వరుసలూ ఎన్నిసార్లు చదివానో. చదివిన ప్రతిసారీ కాగితం మడిచి పెట్టేశాను. దీనికి జవాబు చివర్న రాస్తాను. ముందు అసలు ఏం జరిగిందో వరసగా చెప్పనీ. అందులో నీకు తెలిసినవి కూడా ఉంటాయి, విసుక్కోకు. నాకే వరస తప్పిపోయింది.

జగన్మోహన్ గారూ, మీ శశికాంత్ అన్నయ్యా ఎందుకు విడిపోయారో నీకు గుర్తుందా? క్రితం దీపావళికి జ్యోతి వెలిగించడానికి ఎవరిని ముందు పిలిచారన్న దగ్గర. ఆ ఒక్క అగ్గిపుల్లకి ఊళ్ళో తెలుగు సంఘం రెండు ముక్కలైంది. పాతదానికి జగన్మోహన్ గారు ప్రెసిడెంట్, కొత్తదానికి మా బావ. జగన్మోహన్ గారు నాకు ప్రెసిడెంట్ మాత్రమే అయితే బాగుండును. నేను పనిచేసే కంపెనీ కూడా ఆయనదే. ఆయన దగ్గర ఉద్యోగం ఉంటేనే నాకు వీసా, నాకు ఉంటేనే నీకు. ఇక్కడే పుట్టిన సాన్వి ఒక్కతే ఈ ఇంట్లో ఎవరి సంతకమూ అక్కర్లేకుండా ఉండగలిగిన మనిషి.

అప్పటినుంచి నేను చేసిన పని నీకు చెప్పలేదు. శనివారాలు పాత సంఘంలో నాటకం రిహార్సల్. ఆదివారాలు బావ వాళ్ళ గరాజ్‌లో కొత్త సంఘానికి స్టేజీ కటౌట్లకి రంగులు. అక్కడ కూర్చుంటే "మీవాళ్ళకి క్రమశిక్షణ ఉంది బావా, అక్కడంతా గోల" అనేవాణ్ణి. ఇక్కడికొచ్చి "అటు జనమే లేరు సార్" అనేవాణ్ణి. బావ వాళ్ళు పనసకాయ బిర్యానీ పెడుతున్నారని జగన్మోహన్ గారికి చెప్పింది నేనే, ఈయన గుత్తివంకాయ బిర్యానీ అన్నాడని బావకి చెప్పిందీ నేనే. ఇద్దరూ నన్ను తమవాడే అనుకున్నారు. చివరికి ఇద్దరూ ఉగాదిని ఒకే శనివారం, ఒకే వేళకి, రెండు వేరు వేరు స్కూళ్ళలో పెట్టుకున్నారు. అప్పుడు చిక్కుకున్నాను. మనిషి రెండు చోట్ల ఉండలేడన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు.

నాటకం సంగతి. హనుమయ్యగారని, పక్క ఊరు ప్లేనోలో కూతురి దగ్గరికి వచ్చిన పెద్దాయన, తెనాలి వైపు నలభై ఏళ్ళు నాటకాలు ఆడించినవాడు. ఈసారి భారతం వద్దన్నాడు. క్రితంసారి రాయబారం వేస్తే, దుర్యోధనుడు ఎవరిని ఉద్దేశించి అన్నమాటని జనం చెవులు కొరుక్కున్నారట. "మనవాళ్ళ కథ ఏది తీసినా ఎవరో ఒకరికి తగులుతుందయ్యా. చైనావాళ్ళ కథ వేద్దాం. అక్కడ మనకి చుట్టాలు లేరు" అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

కథ రెండువేల నాలుగొందల ఏళ్ళ కిందటిదట. చైనా అప్పుడు ముక్కలు ముక్కలుగా రాజ్యాలు. సేనాని పుట్టింది ఒక చోట, కొలువు లూ రాజ్యంలో, పెళ్ళాం పక్క రాజ్యం పిల్ల. అతని అసలు పేరు స్టేజీ మీద పలికితే జనం నవ్వుతారని హనుమయ్యగారు ఉత్త సేనాని అని ఉంచేశారు. ఇంతలో ఆ పక్క రాజ్యమే లూ మీదికి దండెత్తి వస్తుంది. రాజుకి ఇతన్ని సైన్యాధిపతిని చేయాలనే ఉంటుంది, కానీ పెళ్ళాం శత్రువుల పిల్ల కదా అని ఒక అనుమానం. అప్పుడు సేనాని ఇంటికి వెళ్ళి పెళ్ళాన్ని చంపి వస్తాడు. పదవి వస్తుంది, యుద్ధం గెలుస్తాడు. గెలిచాక లూ రాజ్యంలో గుసగుసలు మొదలవుతాయి, సొంత పెళ్ళాన్ని చంపినవాడు రాజుని మాత్రం ఉంచుతాడా అని. రాజు అతన్ని పొమ్మంటాడు. అక్కడినుంచి వే రాజ్యానికి, అక్కడా పొసగక చూ రాజ్యానికి. మా నాటకం మాత్రం అతను లూ సరిహద్దు దగ్గర నిలబడి ఏ దారిన పోవాలా అని చూడటంతో అయిపోతుంది.

సేనాని వేషం నాది. నాకు నచ్చింది కూడా. నా ధ్యాసంతా అతికించిన మీసం ఊడుతుందేమో, మూడో సీన్‌లో పెద్ద డైలాగ్ మర్చిపోతానేమో అన్నదాని మీదే తప్ప, ఆ మనిషి మీద ఒక్క నిమిషమైనా పోలేదు.

ఉగాదికి వారం ముందు నీ ఇంటర్వ్యూకి కావలసిన ఎంప్లాయ్‌మెంట్ లెటర్ గురించి జగన్మోహన్ గారిని అడిగాను. ఆయన హాల్ పార్కింగ్ గురించి ఎవరితోనో ఫోన్‌లో ఉన్నారు. చెయ్యెత్తి "చూద్దాం దివాకర్. ఉగాది అవనీ, కూర్చుందాం" అన్నారు. అంతే. అందులో ఏమీ లేదు. ఆయన చేతిలో ఆ రోజు అరవై పనులున్నాయి. కానీ నేను ఇంటికొచ్చి ఆ నాలుగు మాటల్నీ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. ఉగాది అవనీ అంటే, ఉగాదికి నేను ఎటువైపు ఉంటానో చూసి అనేమో. కూర్చుందాం అంటే నన్ను ప్రశ్నలు వేయడానికేమో. ఇన్నేళ్ళుగా ఒకరి సంతకం మీద బతికితే మనిషికి వచ్చే జబ్బు ఇదేననుకుంటాను. ఎదుటివాడు ఆవులించినా మన గురించేనని భయం.

ఉగాది రోజు మేకప్ వేసుకుంటుంటే కమిటీవాళ్ళలో ఒకాయన "ఏం దివాకర్, ఇంటర్వెల్‌లో మీ బావ ప్రోగ్రామ్‌కి వెళ్ళొస్తావా? రైడ్ బుక్ చేయమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. జగన్మోహన్ గారు నవ్వలేదు, నా వైపు ఒకసారి చూసి హాల్లోకి వెళ్ళిపోయారు.

నాటకం బాగా వచ్చింది. మూడో సీన్‌లో హాలంతా నిశ్శబ్దం. తెర పడ్డాక, వేషం తీయకుండానే స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. జగన్మోహన్ గారే మైక్ నా చేతిలో పెట్టి "రెండు ముక్కలు మాట్లాడవయ్యా" అన్నారు.

నమ్రతా, ఆయన అడిగింది ఆ రెండు ముక్కలే. దేని గురించని చెప్పలేదు. నా మెడ మీద ఏ కత్తీ లేదు. ఉన్న కత్తి నా నడుముకే ఉంది, అదీ అట్టది. నన్నెవరూ ఏదీ అనమనలేదు. నేనే అన్నాను.

ఏమన్నానో మీ అన్నయ్య నీకు పూర్తిగా చెప్పి ఉండడు. చెబుతాను. "శశికాంత్ మా బావ అని మీ అందరికీ తెలుసు. ఆ చుట్టరికం పెళ్ళితో వచ్చింది, నేను ఎంచుకున్నది కాదు. మన సంఘాన్ని చీల్చినవాళ్ళు నాకు చుట్టాలు కారు. ఇవాళ్టినుంచి ఆ ఇంటి గుమ్మం నేను తొక్కను, నా కూతురూ తొక్కదు" అన్నాను. కొందరు చప్పట్లు కొట్టారు. పెళ్ళితో వచ్చింది, ఎంచుకున్నది కాదు అన్నాను చూడు, అది నీ అన్నయ్యని అన్నట్టే ఉంది గానీ తగిలింది నీకు. మైక్ ఇచ్చేస్తుంటే నాకే తెలిసింది. సేనాని ఏం చేశాడో అరగంట కిందట అదే స్టేజీ మీద ఆడి చూపించినవాణ్ణి.

కిందికి దిగాక హనుమయ్యగారు నా మీసం పీకుతూ ఒకే మాట అన్నారు. "రాజు చంపమన్లేదయ్యా ఆ కథలో. అనుమానంగా చూశాడంతే. అది నీకు రిహార్సల్‌లో చెప్పాల్సింది, మర్చిపోయా." తన సంచీ తీసుకుని వెళ్ళిపోయారు.

జగన్మోహన్ గారు పార్కింగ్ లాట్‌లో పట్టుకున్నారు. ఆయన మొహం చూస్తే సంతోషంగా లేదు.

"ఏంటయ్యా ఆ మాటలు? నిన్నెవరు అడిగారు?"

"మీరు ఏమైనా అనుకుంటారేమోనని సార్."

"నేనూ మీ బావా ఇవాళ తిట్టుకుంటాం, రేపు ఎవడింట్లోనో పెళ్ళికి పక్కపక్కన కూర్చుని తింటాం. మధ్యలో నువ్వు పాప ఎదురుగా ఆ మాటలేంటి? మీ వైఫ్ లెటర్ పొద్దున్నే సైన్ చేసి నీకు మెయిల్ చేశా. చూసుకోలేదా?"

చూసుకోలేదు. పొద్దున్నుంచి మీసం గొడవలో ఉన్నాను. కార్‌లో కూర్చుని ఫోన్ తీస్తే లెటర్ ఉంది. నేను నీకు మర్నాడు పంపినది అదే. నువ్వు "థాంక్ గాడ్" అని పెట్టావు.

సోమవారం ఆఫీస్‌లో ఆయన నన్ను లోపలికి పిలిచి తలుపు వేశారు. కోపంగా లేరు, అదే కష్టంగా ఉంది. "షామ్‌బర్గ్‌లో ఒక క్లయింట్ ప్రాజెక్ట్ స్టార్ట్ అవుతోంది. జూన్‌కల్లా అక్కడికి మూవ్ అవ్వు. నిన్ను తీసేయట్లేదు, భయపడకు. కానీ నువ్విక్కడ నా పక్కనుంటే నాకు ఎలాగో ఉంటుందయ్యా. సొంతవాళ్ళని అంత ఈజీగా అన్నవాడివి, రేపు ఇంకోడి దగ్గర నన్నూ అంటావు" అన్నారు. ఆదివారాలు నేను రంగులు వేస్తూ ఆయన్ని ఏమనేవాణ్ణో నాకు తెలుసు.

ఇప్పుడు నా పరిస్థితి ఇది. షామ్‌బర్గ్ వద్దంటే ఉద్యోగం లేదు, అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే మేమే సామాను సర్దుకోవాలి, నీ ఇంటర్వ్యూకి అర్థం లేదు. సరేనంటే, నువ్వు వచ్చేదాకా చికాగో పక్కన ఎవరూ తెలియని చోట సాన్వీ నేనూ. దాన్ని బడి నుంచి తెచ్చేవాళ్ళు ఉండరు. ఎటు జరిగినా గోడే తగులుతోంది. ఈ గోడలు ఎవరో కట్టినవైతే తిట్టుకుందును.

ఆ సోమవారం సాయంత్రం మీ అన్నయ్య సాన్విని తీసుకురాడనే అనుకున్నాను. ఆఫీస్ నుంచి ముందే బయల్దేరి బడికి డ్రైవ్ చేశాను. వెళ్ళేసరికి అప్పటికే వచ్చి ఉన్నాడు. నేను దూరంగా కార్ ఆపి చూస్తున్నాను. సాన్వి గేటు దాటి వచ్చి ఆయన కార్ దగ్గర ఆగింది. ఎప్పుడూ డోర్ తెరిచి దూకే పిల్ల. ఆ రోజు బ్యాగ్ గుండెలకి పట్టుకుని బయట నిలబడింది. తర్వాత బావ చెప్పాడు ఏమడిగిందో. "మామయ్యా, నేను ఎక్కొచ్చా? ఈజ్ ఇట్ ఓకే? నాన్న నో చెప్పాడు కదా" అందట. ఆ హాల్లో రెండో వరసలో పులిహోర ప్లేటు పట్టుకుని కూర్చుని అన్నీ వింది అది. దానికి తెలుగు అంతగా రాదని మనం అనుకుంటాం. ఇప్పుడు రోజూ ఎక్కే ముందు అడుగుతోంది. ఆయన రోజూ ఎక్కమంటున్నాడు. ఇది రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది, కాసేపు ఆపాను.

ఆ సాయంత్రం బావ దాన్ని దింపి, ఎప్పటిలా లోపలికి రాకుండా డ్రైవ్‌వేలోనే ఉండిపోయాడు. నేనే వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను.

"బావా, నేను చెప్పేది ఒక్కసారి..."

"నమ్రతకి నిన్ననే ఫోన్ చేశా. జగన్మోహన్ ఫోర్స్ చేశాడని చెప్పా. నువ్వూ అదే చెప్పు."

"ఆయన ఫోర్స్ చేయలేదు బావా."

"తెలుసు. వీడియో చూశాగా. బలవంతం మీద మాట్లాడేవాడి మొహం అలా ఉండదు." స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ అన్నాడు. "ఆరు నెలల నుంచి అక్కడ ఒక్కతే కూర్చుని ఉంది. దానికి ఇప్పుడు నిజం ఎందుకు? వీసా రానీ, ఇంటికి రానీ. అప్పుడు కావాలంటే కూర్చుని కొట్టుకోండి."

"నేను రాస్తాను బావా."

"రాస్తే అది రాదు. నా చెల్లెలు నాకు తెలుసు." అని కార్ రివర్స్ చేసుకుని వెళ్ళిపోయాడు.

నువ్వు నా మీద జాలిపడ్డ ఆ మూడు వరుసలు మీ అన్నయ్య నాకోసం ఆడిన అబద్ధం మీద రాసినవి, నమ్రతా. గుమ్మం తొక్కనని నేను ఎవరినైతే అన్నానో, ఆ మనిషి నా కాపురం నిలబెట్టడానికి సొంత చెల్లెలికి అబద్ధం చెప్పాడు. నేను దాన్ని అలాగే వాడుకోవచ్చు. నీకు అనుమానం రాదు, నువ్వొస్తావు, వచ్చాక మెల్లగా అదే పాతబడుతుంది. అలా చేయాలని చాలా గట్టిగా అనిపించింది, దాచను.

షామ్‌బర్గ్ గురించి జగన్మోహన్ గారికి ఇంకా ఏ మాటా చెప్పలేదు. ఇన్నాళ్ళూ అందరి మనసులో ఏముందో నేనే ఊహించుకుని, వాళ్ళు అడక్కముందే జవాబులు చెప్పాను. నీ బదులు మాత్రం ఊహించను. వస్తానంటే ఎక్కడికి వస్తావో, రానంటే రానని నువ్వే చెప్పు. ఫోన్ అయినా సరే, పిన్నిగారు వింటున్నా సరే.

ఈ ఉత్తరం రేపు కొరియర్‌లో వేస్తాను. నీ ఇంటర్వ్యూకి వారం ముందే అందుతుంది. ఇంటర్వ్యూ అయ్యాక అందేలా కూడా పంపవచ్చు. నిన్నంతా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇట్లు,
నీ భర్త, శశికాంత్ బావకి బావమరిది,
దివాకర్.